ఐబీఎం ఐలో కొత్త స్క్రీన్ కావాలా? ఏ పనిముట్టు పట్టుకోవాలో ఇలా తేల్చుకోండి

"ఒక స్క్రీన్ కావాలి" అనగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. పాత డిస్‌ప్లే ఫైల్ (స్క్రీన్ ఎలా ఉండాలో రాసి కంపైల్ చేసే ఫైల్) ఒకటి కాపీ కొట్టి, పేరు మార్చి, ఫీల్డులు అటూ ఇటూ జరిపి కంపైల్ చేసేస్తాం. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. ఒకసారి కూర్చుని నేను రాసిన స్క్రీన్లన్నీ వరసగా తిరగేస్తే, వాటిలో చాలావాటికి డిస్‌ప్లే ఫైలే అక్కర్లేదని తేలింది. కొన్నిటికి ఒక కమాండ్ చాలు. కొన్ని యూఐఎంలో (సిస్టమ్‌తో వచ్చే ఇంకో స్క్రీన్ పనిముట్టు, 4వ అడుగులో చెబుతాను) అయితే సగం కోడుతో అయిపోయేవి. ఒకటైతే స్క్రీనే కాదు, అవునా కాదా అని అడిగే ఒక మెసేజ్.

అందుకే ఈ వరస రాస్తున్నాను. ఏఎస్/400 అని పిలిచినా, ఐసిరీస్ అని పిలిచినా, ఇప్పటి పేరుతో ఐబీఎం ఐ అని పిలిచినా, 1988 జూన్‌లో వచ్చిన ఆ ఐబీఎం వ్యాపార కంప్యూటర్ వారసుల మీద ఆర్‌పీజీ (వ్యాపార ప్రోగ్రాములు రాసే భాష), సీఎల్ (సిస్టమ్ కమాండ్లతో రాసే భాష) రాసేవాళ్ల కోసం ఇది. ఒక చిన్న మాట: కమాండ్ల పేర్లు, కీవర్డులు మనం పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

1. ఎడిటర్ తెరవకముందు కాగితం మీద గీయండి

24 వరసలు, 80 నిలువు గళ్లు. అంతే మీకున్న చోటు. 27 వరసలు, 132 గళ్ల డిస్‌ప్లే కూడా ఉంది గానీ, అందరి ఎమ్యులేటర్ (పీసీలో ఈ స్క్రీన్లు చూపించే ప్రోగ్రామ్) సెషన్లూ ఆ సైజులో ఉంటాయని నమ్మకం పెట్టుకోవద్దు. గీసిన తర్వాత ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ స్క్రీన్ ముందు కూర్చున్న మనిషి అసలు ఏం చేస్తాడు? నాలుగు వివరాలు చెప్పి ఒక పని మొదలుపెట్టించి వెళ్లిపోతాడా? ఒక జాబితా చూసి అందులో ఒకదాన్ని ఎంచుకుంటాడా? లేక రోజంతా కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి ఎంట్రీలు కొడతాడా? పనిముట్టు ఏదో ఈ జవాబే చెప్పేస్తుంది.

5250 టెర్మినల్ (ఈ స్క్రీన్లు నడిచే అక్షరాల టెర్మినల్) పద్ధతి కూడా గుర్తుపెట్టుకోండి. యూజర్ అక్షరం కొట్టిన ప్రతిసారీ ప్రోగ్రామ్‌కి కబురు రాదు. ఎంటరో, ఫంక్షన్ కీయో నొక్కినప్పుడే స్క్రీన్‌లో మారిన డేటా అంతా ఒక్కసారి మెషీన్‌కి చేరుతుంది. "కస్టమర్ నంబర్ కొట్టగానే పక్కనే పేరు కనబడాలి" అని ఎవరైనా అడిగితే, ఎంటర్ కొట్టాకే కనబడుతుందని అప్పుడే చెప్పేయండి. తర్వాత చెబితే అది మీ ప్రోగ్రామ్‌లో లోపంలా వినిపిస్తుంది.

2. ఒక్క ప్రశ్నే అయితే స్క్రీన్ వద్దు

"ఈ నెల క్లోజ్ చేయమంటారా?" అని అడగడానికి డిస్‌ప్లే ఫైల్ కట్టిన ప్రోగ్రాములు చూశాను. ఒకటి రెండు నేనే రాశాను కూడా. ఎస్‌ఎన్‌డీయూఎస్‌ఆర్‌ఎంఎస్‌జీ కమాండ్ ఒక్కటి ఈ పని చేసేస్తుంది. మెసేజ్ ఇచ్చి, ఒప్పుకునే జవాబులు వై, ఎన్ అని వ్యాల్యూస్‌లో రాసి, డీఫాల్ట్ పెడితే జవాబు మీ సీఎల్ వేరియబుల్‌లోకి వచ్చేస్తుంది.

జాగ్రత్త ఒకటే. అదే ప్రోగ్రామ్ బ్యాచ్‌లో (స్క్రీన్ ముందు మనిషి లేకుండా వెనకాల) నడిస్తే ఆ ప్రశ్న సిస్టమ్ ఆపరేటర్ మెసేజ్ క్యూకి వెళ్లి, జవాబు వచ్చేదాకా జాబ్ అలాగే నిలబడిపోతుంది. అర్ధరాత్రి జవాబిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు, తెల్లారేసరికి వెనకున్న జాబులన్నీ బారులు తీరి ఉంటాయి. అందుకని ఇంటరాక్టివా బ్యాచా అన్నది ముందే ఆర్‌టీవీజాబ్‌ఏ కమాండ్‌తో తెలుసుకుని, బ్యాచ్ అయితే ప్రశ్న దాకా పోకుండా దాటించండి.

3. వివరాలు అడిగి పని మొదలుపెట్టేదైతే, సొంత కమాండ్ రాయండి

మన దగ్గర అన్నిటికంటే తక్కువ వాడే పనిముట్టు ఇదే. ఎందుకో మరి. రోజూ ఎఫ్4 నొక్కి సిస్టమ్ కమాండ్లను ప్రాంప్ట్ చేస్తాం గానీ, అలాంటి కమాండ్ మనమూ చేసుకోవచ్చన్న ఆలోచన రాదు.

రిపోర్టు స్క్రీనే తీసుకోండి. ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు, ఏ బ్రాంచి, ప్రింటుకా ఫైలుకా అన్న నాలుగు వివరాలు అడగాలి. డిస్‌ప్లే ఫైల్‌తో అయితే ఫైల్, దాన్ని నడిపే ప్రోగ్రామ్, ప్రతి ఫీల్డుకీ తనిఖీ, ఎర్రర్ మెసేజ్, ఎఫ్3, ఎఫ్12 అన్నీ మీరే రాసుకోవాలి. కమాండ్‌తో అయితే క్యూసీఎండీఎస్‌ఆర్‌సీ సోర్సు ఫైల్లో ఒక మెంబర్, అందులో ఒక సీఎండీ స్టేట్‌మెంట్, వివరానికి ఒకటి చొప్పున నాలుగు పార్మ్ స్టేట్‌మెంట్లు రాస్తే సరిపోతుంది. తప్పనిసరి అయితే మిన్ 1, డీఫాల్ట్ ఉంటే డీఎఫ్‌టీ, ఫలానా విలువలే ఒప్పుకోవాలంటే వ్యాల్యూస్‌తోపాటు ఆర్‌ఎస్‌టీడీ యెస్ పెట్టండి. సీఆర్‌టీసీఎండీ కొట్టి మీ ప్రోగ్రామ్ పేరు ఇస్తే అయిపోయింది. ప్రాంప్ట్ స్క్రీన్ సిస్టమే గీస్తుంది. ఫీల్డు మీద కర్సర్ పెట్టి ఎఫ్4 నొక్కితే ఒప్పుకునే విలువల జాబితా కూడా అదే చూపిస్తుంది. "ఫైలుకి" అని ఎంచుకుంటేనే ఫైల్ పేరు అడగాలనుకుంటే పీఎంటీసీటీఎల్ ఉంది. "ఇది ఇస్తే అదీ ఇవ్వాలి" లాంటి నియమాలకు డిప్ స్టేట్‌మెంట్ ఉంది.

ఇంకో లాభం ఉంది, నా దృష్టిలో అసలైనది అదే. కాల్ కమాండ్‌తో ప్రోగ్రామ్‌ని నేరుగా పిలిచి పారామీటర్‌గా ఒక సంఖ్య ఇస్తే, అది 15 అంకెలు, 5 దశాంశ స్థానాల ప్యాక్‌డ్ సంఖ్యగా (ఒక్కో బైటులో రెండు అంకెలు కుక్కినది) వెళ్తుంది. మీ ప్రోగ్రామ్ 7 అంకెలకు కాచుకుని ఉంటే డెసిమల్ డేటా ఎర్రర్ తప్పదు. అక్షరాల పారామీటర్ కూడా అంతే. 32 బైట్ల దాకా ఖాళీలు నింపి పంపుతుంది, అంతకంటే పొడుగు ఫీల్డు అయితే మిగతా చోట మెమరీలో ఏది పడి ఉంటే అది కనిపిస్తుంది. కమాండ్ డెఫినిషన్‌లో పొడవు, రకం రాసి ఉంటాయి కాబట్టి ఈ గొడవలేవీ ఉండవు. పైగా అదే కమాండ్‌ని సీఎల్‌లో వాడొచ్చు, బ్యాచ్‌కి పంపే ఎస్‌బీఎంజాబ్‌లో పెట్టొచ్చు, జాబ్ షెడ్యూలర్‌కి ఇవ్వొచ్చు. డిస్‌ప్లే ఫైల్ స్క్రీన్‌ని జాబ్ షెడ్యూలర్ నింపలేదు కదా.

చిక్కులు లేకపోలేదు. పార్మ్ రకం డేట్ అని పెడితే, యూజర్ తేదీని జాబ్ తేదీ ఫార్మాట్‌లో కొట్టినా మీ ప్రోగ్రామ్‌కి మాత్రం 7 అక్షరాల్లో వస్తుంది. మొదటి అంకె శతాబ్దం, తర్వాత ఏడాది, నెల, రోజు. 2024 మార్చి 5 అన్నది 1240305 అవుతుంది. ఇది తెలియక 6 అక్షరాల వేరియబుల్ పెడితే చివరి అంకె ఊడిపోయి రోజు తప్పుతుంది.

రెండోది వ్యాలిడిటీ చెకర్ ప్రోగ్రామ్, అంటే కమాండ్ నడిచేముందు విలువల్ని తనిఖీ చేసేది. "ఈ బ్రాంచి ఫైల్లో ఉందా" లాంటి తనిఖీ అందులో చేసి, తప్పుంటే సీపీడీ0006 మెసేజ్‌ని డయాగ్నస్టిక్‌గా (తప్పేమిటో చెప్పేది), ఆ తర్వాత సీపీఎఫ్0002ని ఎస్కేప్‌గా (పని ఆపేది) పంపాలి. మొదటిదాని మెసేజ్ డేటా ముందు నాలుగు సున్నాలు పెట్టాలి. అవి మరిచిపోతే మీ మెసేజ్‌లో మొదటి నాలుగు అక్షరాలు మాయమవుతాయి. యూజర్ ఫోన్ చేసి "ఏదో సగం మాట కనిపిస్తోంది" అంటే ముందు చూడాల్సిన చోటు అదే.

కమాండ్ ఎప్పుడు పనికిరాదు? ఫైల్లోంచి రికార్డు చదివి చూపించి, మార్చి, మళ్లీ రాయాల్సినప్పుడు. ప్రాంప్ట్ ఓవర్‌రైడ్ ప్రోగ్రామ్‌తో ఉన్న విలువల్ని తెచ్చి నింపే దారి ఒకటి ఉంది. సిస్టమ్‌లోని చేంజ్ కమాండ్లలో చూస్తాం కూడా. కానీ పది పన్నెండు ఫీల్డులు దాటితే అది తలనొప్పే.

4. జాబితా అయితే: యూఐఎమ్మా, సబ్‌ఫైలా?

ఇక్కడ కాస్త నిదానించండి. రెండూ జాబితా చూపిస్తాయి, కానీ రెండిటి స్వభావం వేరు. సబ్‌ఫైల్ అంటే డిస్‌ప్లే ఫైల్లో జాబితా వరసలు నింపి చూపించే భాగం.

యూఐఎం అంటే యూజర్ ఇంటర్‌ఫేస్ మేనేజర్. డబ్ల్యూఆర్‌కే అని మొదలయ్యే సిస్టమ్ స్క్రీన్లలో కనిపించే ఆ తీరు, అంటే ఎడమవైపు ఆప్షన్ల గడి, పైన ఆప్షన్ల వివరణ, కింద కమాండ్ లైను, ఫంక్షన్ కీలు, అదంతా దీని తీరు. సోర్సు ట్యాగుల్లో ఉంటుంది. కోలన్‌తో మొదలై చుక్కతో ముగిసే ట్యాగులు, హెచ్‌టీఎంఎల్ రాసినవాళ్లకి చూడగానే అర్థమవుతాయి. సీఆర్‌టీపీఎన్‌ఎల్‌జీఆర్‌పీతో కంపైల్ చేస్తే ప్యానెల్ గ్రూప్ ఆబ్జెక్ట్ (యూఐఎం స్క్రీన్లు, హెల్ప్ ఉండేది) వస్తుంది. ఏది ఏ వరసలో, ఏ గడిలో ఉండాలో మీరు చెప్పరు. "ఇక్కడ ఒక జాబితా, దాని కాలమ్స్ ఇవి" అని చెబితే మిగతాది అదే సర్దుకుంటుంది. జాబితా లోతు (డెప్త్) దగ్గర నక్షత్రం గుర్తు పెడితే మిగిలిన వరసలన్నీ జాబితాకే ఇచ్చేస్తుంది.

ప్రోగ్రామ్ వైపు పని నాలుగు ఏపీఐల (మన ప్రోగ్రామ్ నుంచి పిలిచే సిస్టమ్ ప్రోగ్రాముల) చుట్టూ తిరుగుతుంది. క్యూయూఐఓపీఎన్‌డీఏతో అప్లికేషన్ తెరవండి, 8 అక్షరాల హ్యాండిల్ (తర్వాతి పిలుపుల్లో ఇవ్వాల్సిన గుర్తు) ఇస్తుంది. క్యూయూఐఏడీడీఎల్‌ఈతో ఒక్కో ఎంట్రీ జాబితాకి చేర్చండి. క్యూయూఐడీఎస్‌పీపీతో ప్యానెల్ చూపించండి. చివర్లో క్యూయూఐసీఎల్‌ఓఏతో మూసేయండి. పైకీ కిందకీ పేజీ తిప్పడం, ఎఫ్1 నొక్కితే కర్సర్ ఉన్న చోటి హెల్ప్, ఎఫ్11తో కాలమ్స్ మారుస్తూ ఇంకో వ్యూ చూపించడం మీరు కోడ్ చేయక్కర్లేదు, ట్యాగులో చెబితే చాలు.

నాకు నచ్చే ముక్క ఆప్షన్ల దగ్గర ఉంది. లిస్ట్‌యాక్ట్ ట్యాగులో 5 ఎంచుకుంటే ఫలానా కమాండ్ నడవాలని నేరుగా రాసేయొచ్చు, ఆ వరసలోని కస్టమర్ నంబర్‌ని వేరియబుల్‌గా అందులోనే పెట్టొచ్చు. యూజర్ మూడు వరసల ముందు 5 కొట్టి ఎంటర్ నొక్కితే యూఐఎమ్మే మూడుసార్లు ఆ కమాండ్ నడుపుతుంది. సబ్‌ఫైల్లో అయితే మారిన రికార్డులు చదివే లూప్, సెలెక్ట్, వెన్, ఒక్కో ఆప్షన్‌కీ కాల్, తిరిగొచ్చాక ఆప్షన్ గడి ఖాళీ చేయడం అంతా మీదే. 3వ అడుగులో కమాండ్లు రాసుకుని ఉంటే ఇక్కడ అవన్నీ అలాగే అతికిపోతాయి.

ఇక చేదు నిజాలు. ఫీల్డ్ రెఫరెన్స్ ఫైల్ (ఫీల్డుల పొడవులు ఒకేచోట రాసిపెట్టిన ఫైల్) చూసి పొడవు తెచ్చుకోవడం యూఐఎంకి రాదు. ప్రతి వేరియబుల్‌కీ క్లాస్ ట్యాగులో మీరే రాయాలి, డేటాబేస్‌లో ఫీల్డు పెరిగితే ఇక్కడా మార్చాలి. వేరియబుల్ రికార్డులో రాసిన వరసా, మీ ఆర్‌పీజీ డేటా స్ట్రక్చర్‌లోని వరసా బైటు బైటుకీ సరిపోవాలి. మొత్తం పొడవు కలవకపోతే ఎర్రరైనా ఇస్తుంది. పొడవు కలిసి వరస మారితే మాత్రం కిక్కురుమనకుండా పేరు ఉండాల్సిన చోట ఊరు, ఊరు ఉండాల్సిన చోట సగం పేరు చూపిస్తుంది. ఒకే పొడవున్న రెండు ఫీల్డులు తారుమారైతే కనిపెట్టడం ఇంకా కష్టం, ఎందుకంటే స్క్రీన్ చూడ్డానికి బాగానే ఉంటుంది.

ఒక వరస ఎరుపులో, ఇంకో వరస పసుపులో చూపించాలన్నా, ఒక్కో రికార్డు రెండు లైన్లలో నా ఇష్టం వచ్చినట్టు పరచాలన్నా, జాబితాలోనే డేటా మార్చి తనిఖీ చేయాలన్నా యూఐఎంతో కుస్తీ పట్టకండి. సబ్‌ఫైల్‌కి వెళ్లిపోండి.

సబ్‌ఫైల్ తీసుకుంటే ఎలా నింపుతారో ముందే తేల్చండి. మొత్తం ఒక్కసారి నింపడం సులువు, పేజీ తిప్పడం సిస్టమే చూసుకుంటుంది. కానీ సబ్‌ఫైల్లో 9,999 రికార్డులకు మించి పట్టవు. నేను ఒకసారి మూడు వందల రికార్డులున్న ఫైల్‌కి ఇలాగే రాసి మరిచిపోయాను. కొన్నేళ్ల తర్వాత, అప్పటికి నేను వేరే పనిలో ఉన్నాను, 10,000వ రికార్డు రాయబోయి ప్రోగ్రామ్ పడిపోయిందని ఫోన్ వచ్చింది. అదీ నెలాఖరున. అప్పటినుంచి పెరిగే ఫైల్ అయితే సబ్‌ఫైల్ సైజు (సబ్‌ఫైల్లో పట్టే రికార్డులు), సబ్‌ఫైల్ పేజీ (ఒకసారి స్క్రీన్ మీద కనిపించేవి) రెండూ సమానంగా పెట్టి, ఒక్కో పేజీ మాత్రమే నింపే పద్ధతే వాడుతున్నాను. కోడు ఎక్కువే. వెనక్కి వెళ్లినప్పుడు ఎక్కడున్నామో గుర్తుపెట్టుకోవాలి, యూజర్ ఒక పేజీలో కొట్టిన ఆప్షన్ పేజీ తిప్పేలోపు చూసుకోవాలి. రికార్డులు ఎప్పటికీ రెండు మూడు వందలు దాటవని తెలిస్తే మాత్రం మొత్తం నింపేయండి, అనవసరంగా కష్టపడకండి.

మధ్యలో ఇంకో పద్ధతి ఉంది. సైజు పేజీకంటే ఎక్కువ పెట్టి, యూజర్ కిందకి తిప్పినప్పుడల్లా ఇంకో పేజీ చేర్చుతూ పోవడం. వెనక్కి తిప్పడం సిస్టమ్ పని, ముందుకి తిప్పడం మీ పని. మామూలు విచారణ స్క్రీన్లకి ఇది సరిపోతుంది. 9,999 హద్దు మాత్రం దీనికీ ఉంటుంది, కానీ అన్ని పేజీలు తిప్పే ఓపిక ఉన్న యూజర్‌ని నేనింకా చూడలేదు.

సబ్‌ఫైల్ అనుకున్నారంటే ఆర్‌పీజీయో, కోబాలో అవసరమని గుర్తుంచుకోండి. సీఎల్ డిస్‌ప్లే ఫైల్ చూపించగలదు గానీ సబ్‌ఫైల్ నడపలేదు, మెసేజ్ సబ్‌ఫైల్ ఒక్కటే మినహాయింపు.

5. రోజంతా ఎంట్రీలు కొట్టేదైతే డిస్‌ప్లే ఫైలే

దీనికి వేరే ఆలోచన వద్దు. ఫీల్డు ఎక్కడుండాలో, ఏది మెరవాలో, తప్పు కొడితే కర్సర్ ఎక్కడికి వెళ్లాలో అంతా మీ చేతిలో ఉండాలి. అది డీడీఎస్ (డిస్‌ప్లే ఫైల్ రాసే భాష) మాత్రమే ఇస్తుంది. ఇక్కడ ప్రశ్న వేరు: డీడీఎస్‌ని ఎస్‌డీఏలో (స్క్రీన్ గీసే పనిముట్టు) గీయాలా, చేత్తో రాయాలా?

నా పద్ధతి చెబుతాను. కొత్త స్క్రీన్ మొదటిసారి పరచడానికి గీసే పనిముట్టు వాడతాను. ఎస్‌టీఆర్‌ఎస్‌డీఏ కమాండ్‌తో తెరిచే ఎస్‌డీఏ కావచ్చు, పీసీలో నడిచే ఆర్‌డీఐలోని స్క్రీన్ డిజైనర్ కావచ్చు. శీర్షికలు నిలువునా కలిశాయా, కుడివైపు ఎక్కువ ఖాళీ మిగిలిందా అన్నది కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత సోర్సులోకే వెళ్తాను. ఒక కీవర్డు చేర్చడానికి ఎస్‌డీఏ మెనూల్లో నాలుగు స్క్రీన్లు దాటడం కంటే 45వ గడి నుంచి నేరుగా రాసేయడం త్వరగా అవుతుంది. గళ్ల లెక్క నాలుగు రోజుల్లో చేతికొస్తుంది. 19 నుంచి పేరు, 30 నుంచి 34 దాకా పొడవు, 35లో రకం, 38లో వాడకం, 39 నుంచి 41 దాకా వరస, 42 నుంచి 44 దాకా గడి. ఎస్‌డీఏలో మూడో ఆప్షన్ మాత్రం వదలకండి. ప్రోగ్రామ్ లేకుండానే డిస్‌ప్లే ఫైల్‌ని పరీక్షించొచ్చు. ఇండికేటర్లు (ఆన్, ఆఫ్ స్విచ్చుల్లాంటివి) ఒక్కొక్కటే ఆన్ చేసి, ఏ ఎర్రర్ ఎక్కడ ఎలా కనిపిస్తుందో చూడొచ్చు.

చేత్తో రాసినా, గీసినా కొన్ని సంగతులు మొదట్లోనే చూసుకోండి. ప్రతి ఫీల్డుకీ ముందు ఒక గడి అట్రిబ్యూట్ బైటుకి పోతుంది. రంగు, గీత, మెరుపు అన్నీ ఆ బైటులోనే ఉంటాయి. రెండు ఫీల్డులు అంటుకుని పెట్టాలనుకుంటే కుదరదు, మధ్యలో కనీసం ఒక గడి వదలాల్సిందే. 80 గళ్లలో 20 కాలమ్స్ ఇరికించమని అడిగే పెద్దమనిషికి ఈ లెక్క వేసి చూపించండి.

ఫీల్డు పొడవులు చేత్తో రాయకుండా రెఫ్ కీవర్డుతో డేటాబేస్ ఫైల్‌ని చూపించండి. ఇండికేటర్లు వేరే ఏరియాలో పెట్టే ఇండారా వాడితే, ఆర్‌పీజీలో 31, 32 అన్న అంకెల బదులు "లిమిట్ తప్పు", "తేదీ తప్పు" లాంటి పేర్లతో వాటిని పిలవొచ్చు.

ఇక ఎఫ్3, ఎఫ్12. డీడీఎస్‌లో ఫంక్షన్ కీలకి సీఎఫ్, సీఏ అని రెండు రకాల కీవర్డులున్నాయి. వీటికి సీఎఫ్ పెట్టడం అందరూ ఒకసారైనా చేసే తప్పు. సీఎఫ్ కీ నొక్కితే డేటా ప్రోగ్రామ్‌కి వెళ్తుంది, వెళ్లేముందు వ్యాల్యూస్, రేంజ్ లాంటి తనిఖీలన్నీ జరుగుతాయి. యూజర్ తప్పు కోడ్ కొట్టి, "వద్దులే, బయటికి పోదాం" అని ఎఫ్3 నొక్కితే "ఈ విలువ చెల్లదు" అంటూ స్క్రీన్ కదలదు. సరైన కోడ్ కొట్టేదాకా బయటికి వెళ్లనివ్వదు. ఎఫ్3, ఎఫ్12లకి సీఏ పెట్టండి. సీఏ డేటాని తీసుకెళ్లదు, తనిఖీ చేయదు, నేరుగా వెళ్లిపోతుంది.

స్క్రీన్ మార్చి మళ్లీ కంపైల్ చేశారా? దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ కూడా కంపైల్ చేశారా? ఫీల్డు చేర్చినా, పొడవు మార్చినా రికార్డు ఫార్మాట్ లెవెల్ (ఫార్మాట్ మారిందో లేదో చెప్పే గుర్తు) మారిపోతుంది. పాత ప్రోగ్రామ్ ఫైల్ తెరవగానే సీపీఎఫ్4131 ఎర్రర్ వస్తుంది. టెన్షన్‌లో కొందరు లెవెల్ చెక్ నో పెట్టి తప్పించుకుంటారు. ఆ రోజుకి పని నడుస్తుంది. తర్వాత ఒకరోజు క్రెడిట్ లిమిట్ ఉండాల్సిన చోట పిన్‌కోడ్ పడి కనిపిస్తే ఎక్కడ తప్పిందో ఎవరికీ తెలియదు. ఆ ఎర్రర్ మిమ్మల్ని కాపాడటానికే ఉంది, దాన్ని ఆపకండి.

డీఎఫ్‌యూ (డేటా ఫైల్ యుటిలిటీ) గురించి ఒక్క ముక్క. ఫైల్ ఇస్తే చాలు, ఎంట్రీ స్క్రీన్ అదే చేస్తుంది. మీరు ఒక టెస్ట్ రికార్డు దిద్దుకోవడానికి వాడుకోండి. యూజర్‌కి మాత్రం ఇవ్వకండి, మీ వ్యాపార నియమాలు ఏవీ అందులో ఉండవు.

6. హెల్ప్‌తో మొదలుపెడితే యూఐఎం భయం పోతుంది

డిస్‌ప్లే ఫైల్, యూఐఎం రెండూ కలిపి వాడొచ్చని చాలామందికి తెలియదు. డిస్‌ప్లే ఫైల్లోని ఫీల్డుకి హెచ్ స్పెసిఫికేషన్ రాసి, హెల్ప్ ఏరియా గళ్లు ఇచ్చి, హెచ్‌ఎల్‌పీపీఎన్‌ఎల్‌జీఆర్‌పీ కీవర్డుతో ఒక ప్యానెల్ గ్రూప్‌లోని హెల్ప్ మాడ్యూల్‌ని చూపించండి. ఫైల్ స్థాయిలో హెల్ప్ టైటిల్ కూడా పెట్టాలి. ఇక ఎఫ్1 నొక్కితే ఆ ఫీల్డు గురించి మాత్రమే చిన్న విండోలో వస్తుంది. హెల్ప్ టెక్స్ట్ మార్చాలంటే ప్యానెల్ గ్రూప్ ఒక్కటే కంపైల్ చేయాలి, ప్రోగ్రామ్ జోలికి వెళ్లక్కర్లేదు.

మీ సొంత కమాండ్‌కి హెల్ప్ కావాలంటే ఇంకా సులువు. జెన్‌సీఎండీడాక్ కమాండ్‌కి జెనరేషన్ ఆప్షన్ యూఐఎం అని ఇస్తే, మీ పారామీటర్లన్నిటికీ ఖాళీ చట్రంతో సోర్సు రాసిచ్చేస్తుంది. ఖాళీలు నింపి కంపైల్ చేసి, కమాండ్‌కి తగిలించండి. యూఐఎం ట్యాగులు నేను నేర్చుకున్నది ఇలాగే. మొదటిరోజే జాబితా ప్యానెల్‌తో మొదలుపెట్టి ఉంటే మధ్యలోనే వదిలేసేవాణ్ని.

7. వెబ్ అంటే ఎప్పుడు తలూపాలి

రోజుకి వందల ఎంట్రీలు కొట్టే మనిషికి 5250 స్క్రీన్ కంటే వేగమైనది దొరకదు. వాళ్ల వేళ్లు స్క్రీన్ వచ్చేలోపే తర్వాతి ఫీల్డు కొట్టేస్తుంటాయి. వాళ్ల చేతికి మౌసు ఇస్తే మిమ్మల్ని తిట్టుకుంటారు. నెలకోసారి వచ్చి ఒక ఆర్డర్ ఎక్కడుందో చూసుకునేవాళ్లకి, బొమ్మలు కావాల్సినవాళ్లకి, కంపెనీ బయటివాళ్లకి మాత్రం వెబ్బే సరి.

ఉన్న స్క్రీన్లని మార్చకుండా బ్రౌజర్‌లో చూపించాలంటే హ్యాట్స్ లాంటివి ఉన్నాయి. 7.1తో వచ్చిన ఆర్‌పీజీ ఓపెన్ యాక్సెస్‌తో, ఫైల్ డిక్లరేషన్‌లో హ్యాండ్లర్ పెట్టి, అవే రీడ్, రైట్‌లు వేరే ప్రోగ్రామ్ ద్వారా వెబ్‌కి పంపొచ్చు. కొత్తగా కట్టేదైతే నేను ఈ రెండిటి దాకా వెళ్లను. లెక్కలు, తనిఖీలు ఒక సర్వీస్ ప్రోగ్రామ్‌లో (వేరే ప్రోగ్రాములు పిలుచుకునే రొటీన్ల మూట) పెట్టి, దాన్ని ఇంటిగ్రేటెడ్ వెబ్ సర్వీసెస్ సర్వర్ ద్వారా రెస్ట్ సర్వీస్‌గా (వెబ్ నుంచి పిలవగలిగేలా) బయటపెడతాను. ముందువైపు స్క్రీన్ నోడ్‌లో రాస్తారా, పీహెచ్‌పీలో రాస్తారా అన్నది ఆ పని తెలిసినవాళ్లకే వదిలేస్తాను.

నిజానికి ఈ విడదీయడం గ్రీన్ స్క్రీన్‌కి (అంటే 5250 స్క్రీన్‌కి) కూడా చేయండి. "లిమిట్ దాటిందా" అన్న తనిఖీ డిస్‌ప్లే ఫైల్ ప్రోగ్రామ్ నడుమ ఇరుక్కుపోతే, కమాండ్‌కీ వెబ్‌కీ మళ్లీ రాయాలి. సర్వీస్ ప్రోగ్రామ్‌లో ఉంటే ముగ్గురూ అదే పిలుస్తారు.

8. మీ తర్వాత ఎవరు చూస్తారో అడగండి

ఇది సాంకేతిక ప్రశ్న కాదు గానీ, పనిముట్టు ఎంపికని చాలాసార్లు ఇదే మార్చేస్తుంది. మీ టీమ్‌లో యూఐఎం తెలిసినది మీరొక్కరే అయితే, మీరు సెలవులో ఉన్నరోజు కాలమ్ చేర్చమని అడిగితే ఎవరు చేస్తారు? ఇంకొకరికి నేర్పించే తీరిక లేకపోతే, సబ్‌ఫైల్ పొడుగైనా సబ్‌ఫైలే రాయండి. కమాండ్ విషయంలో మాత్రం నేను ఈ రాజీ పడను. అది నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

9. ఇచ్చేముందు ఈ కీలు నొక్కి చూడండి

యూజర్‌కి ఇచ్చేముందు మీరే కూర్చుని కొట్టి చూడండి. ఒక ఫీల్డులో తప్పు విలువ కొట్టి ఎఫ్12 నొక్కండి, బయటికి రావాలి. ప్రతి ఫీల్డు మీదా ఎఫ్1 నొక్కండి. జాబితాలో ఒక్క రికార్డూ లేని పరిస్థితి చూడండి. సబ్‌ఫైల్ కంట్రోల్ ఖాళీ సబ్‌ఫైల్‌ని చూపించబోయి ప్రోగ్రామ్ పడిపోవడం మామూలే. అందుకే సబ్‌ఫైల్ డిస్‌ప్లే ఇండికేటర్‌ని కనీసం ఒక రికార్డు రాశాకే ఆన్ చేయాలి. కమాండ్ అయితే ఎఫ్4 లేకుండా, పారామీటర్లన్నీ ఒకే లైనులో కొట్టి కూడా నడపండి, బ్యాచ్‌లో ఒకసారి పంపండి.

ఆ తర్వాత పేజీలో 15 వరసలు పడితే, సరిగ్గా 15 రికార్డులున్న డేటాతో నడపండి. కుడివైపు కింద "మోర్" అని చూపించి, పేజీ తిప్పితే ఖాళీ పేజీ వస్తోందా, లేక మొదటిసారే "బాటమ్" అంటోందా? 14కీ, 16కీ సరిగ్గా నడిచే ప్రోగ్రామ్ 15 దగ్గర తప్పడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దానికి మందు ఒకటే. పేజీ నిండాక ఇంకో రికార్డు చదివి చూసి, ఉంటేనే "మోర్" పెట్టండి.